విజయపురినుండి విదేశములకు

గుంటూరునుండి మాచర్లకు పోవు రైలుబండి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, గురజాల దాటి, ఎండలకు పేరుమోసిన రెంటచింతల మీదుగా సాగును. ఇరుప్రక్కల మిరప తోటలు, ప్రత్తి చేలు. నడుమ నడుమ నాపరాతి గనులు. పల్నాడనగానే మనకు స్ఫురించునవి రెండు. ఒకటి కారెంపూడి రణరంగము, రెండవది జొన్నకూడు. మొదటిదానిని వీరవిద్యావంతులు తరతరములుగా గానము చేసి నిలిపిరి. రెండవదానిని శ్రీనాథుని పేర చెల్లు చాటువులు లోకమున చాటినవి. ఈ రెంటినిబట్టి పల్నాడు తనలో తాను పోరాడుకొనిన సీమ యనియు, ఎండిన నేల యనియు, వెలుపలి ప్రపంచముతో దానికి పొత్తు తక్కువ యనియు తలంచుట మనకు అలవాటైనది.

ఈ తలంపు సరియైనది కాదని పల్నాటి రాయియే సాక్ష్యమిచ్చుచున్నది. నేడు మన యిండ్లలో ఎవరో యొకరు చదువునకో, ఉద్యోగమునకో విదేశనగరములకు పోవుట వింత కాదు. ఏ నెలలో పయనము, ఏ నెలలో రాక యని ఇంటిల్లిపాది లెక్కపెట్టుకొనుచుందురు. ఇది క్రొత్తగా వచ్చిన రివాజని మన మనుకొందుము. కాని రమారమి 1,700 ఏండ్లకు పూర్వమే, పనిమీద సముద్రములు దాటి పోవువారికి ఈ సీమలో విడిది యుండెను. వారి పయనమునకొక ఋతువుండెను. వారు పోయివచ్చిన దేశముల పట్టిక రాతిపై చెక్కబడి యుండెను. ఆ పట్టికను గూర్చియు, దానిని చెక్కించిన ఒక ఇల్లాలిని గూర్చియు ఈ ప్రసంగము.

మాచర్లకు కొన్ని క్రోసుల దూరమున, మూడు వైపుల నల్లమల కొండలును, నాలుగవ వైపున కృష్ణానదియు కావలిగా ఒక లోయ యుండెను. ‘ఉండెను’ అనుటకు కారణము తరువాత తెలియగలదు. శాతవాహనుల ప్రాభవము అణగిన పిమ్మట, క్రీస్తుశకము 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురి యను రాజధానిని నెలకొల్పిరి. ప్రక్కనున్న కొండకు శ్రీపర్వతమని పేరు. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అను నలుగురు రాజులు సుమారు ఒక శతాబ్దము అచ్చటినుండి పరిపాలన సాగించిరి. మొదటి శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీయో, బుద్ధుని మహాచైత్యమునకు పోషకురాలు. ఒకే యింట ఇట్లు రెండు మార్గములు పొసగి యుండినవి. విజయపురిలోని బౌద్ధ కట్టడములలో అనేకము స్త్రీల దానములే. రాణివాసపు స్త్రీలే కాక సామాన్య గృహిణులును ఇందు చేరిరి. అట్టివారిలో ఒకతె ఉపాసిక బోధిశ్రీ.

ఈమె గోవగ్రామమున కాపురమున్న రేవతుడను గృహపతి కుమార్తె. వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున విజయపురికి తూర్పున, శ్రీపర్వతముపై చుల్లధమ్మగిరి యను విహారమున, ఈమె ఒక చైత్యగృహమును కట్టించి దాని నేలపై ప్రాకృత భాషలో శాసనము వేయించెను. నేడు దానిని నహరాళ్లబోడు గుట్టమీది శాసనమని వ్యవహరింతురు. ఆమె ఆ చైత్యగృహమును తామ్రపర్ణికి, అనగా సింహళమునకు చెందిన ఆచార్యులకు సమర్పించెను. వారు ఏ యే దేశముల ప్రజలకు ధర్మమును బోధించి ప్రసన్నులను గావించిరో ఆ పేర్లను వరుసగా వ్రాయించెను. కాశ్మీరము, గాంధారము, చీనా, చిలాత, తోసలి, అపరాంతము, వంగము, వనవాసి, యవనము, దమిళము, పలూర, తామ్రపర్ణీ ద్వీపము: ఇవి మొత్తము పండ్రెండు. కొన్నిచోట్ల అక్షరములు చెరిగిపోగా పండితులు పూరించి చదివిరి.

ఈ పేర్లను భూపటముపై నుంచి చూడుడు. చిలాతలనగా హిమవత్ప్రాంతపు కిరాతులు. తోసలి నేటి ఒడిశాలోనిది. పలూర కళింగ తీరమందలి రేవు. అపరాంతము కొంకణ సీమ. వనవాసి కన్నడ దేశపు బనవాసి. యవనులనగా నాటి వాడుకలో గ్రీకు జాతివారు. ఉత్తరమున మంచుకొండలనుండి దక్షిణమున సముద్రద్వీపము వఱకును, పడమట యవనులనుండి తూర్పున చీనా వఱకును ఈ పట్టిక వ్యాపించియున్నది. మాచర్ల చెంతనున్న ఒక గుట్టపై, ఒక గృహిణి వేయించిన శాసనమున చీనా దేశము పేరు కనబడుట సామాన్య విషయము కాదు. ఆ లోయలోనే దొరకిన మఱియొక శాసనము, బుద్ధపాదములు చెక్కిన పలకతో కూడినది, సింహళ మహావిహారమునకు చెందిన విభజ్యవాదులైన స్థవిరులను ఇట్లే కాశ్మీర, గాంధార, యవన, వనవాస, తామ్రపర్ణీ ద్వీపముల పేర్లతో ప్రశంసించుచున్నది. ఒక శాసనమైన అతిశయోక్తి యని త్రోసివేయవచ్చును. రెండు శాసనములు ఇంచుమించు ఒకే మాట చెప్పుచున్నపుడు, ఆ ఆచార్యులు తమ్ముదాము దేశాటనము చేయు పనివారుగా భావించుకొనిరని ఒప్పుకొనవలెను.

వారి పని యేమి? వినయగ్రంథములను వల్లించుట, బోధించుట, ప్రతులు వ్రాసికొనుట, వాదములలో పాల్గొనుట, క్రొత్తవారికి దీక్ష నిచ్చుట. ఇందు వినోదయాత్ర లేదు. తీర్థయాత్రికుడు పుణ్యము కొఱకు పోవును. వర్తకుడు లాభము కొఱకు పోవును. ఈ భిక్షువు చదువు చెప్పుటకును చదువు నేర్చుటకును పోవును. అది అతని కర్తవ్యము.

ఇట్టి పయనమునకు ఋతువు తప్పనిసరి. ఇక్ష్వాకుల శాసనములలో కాలమును చెప్పు తీరే దీనిని గుర్తుచేయుచున్నది. వారు నెల పేరు చెప్పరు. గ్రీష్మము, వర్షము, హేమంతము అను మూడు ఋతువులలో ఎన్నవ పక్షము, ఎన్నవ దినమని చెప్పుదురు. బోధిశ్రీ శాసనమునకు తేదీ హేమంతమున ఆఱవ పక్షము, పదమూడవ దినము. మన లెక్కకు అది రమారమి మాఘమాసము. వర్షాకాలమున మూడు నెలలు భిక్షువు ఒకేచోట నిలువవలెనని బుద్ధుని కట్టడి. పచ్చిక మొలచు వేళ, పురుగు పుట్ర తిరుగు వేళ త్రోవ నడువరాదు. ఆ వర్షావాసము ముగిసిన పిదప వారు ఆ చోటు విడిచి బాట పట్టుదురు. ఓడలకును ఇట్టి నియమమే. నైరృతి గాలి వీచునపుడు బంగాళాఖాతము కల్లోలముగా నుండును. హేమంతమున ఈశాన్యపు గాలి తిరిగిన పిమ్మట ఉత్తరమునుండి సింహళమునకు తెరచాప ఎత్తవచ్చును. భిక్షువు నియమమును, నావికుని నియమమును ఒకే ఋతుచక్రముతో పొసగినవి.

ఈ మాటకు 5వ శతాబ్ది ఆరంభమున వచ్చిన చీనా యాత్రికుడు ఫాహియాన్ సాక్షి. ఆయన వంగదేశపు తామ్రలిప్తి రేవున వర్తకుల పెద్ద ఓడ నెక్కి, హేమంతారంభపు అనుకూలవాయువుతో 14 దినములు రేయింబవళ్లు ప్రయాణించి సింహళము చేరెను. 399లో స్వదేశము విడిచిన ఆ భిక్షువు వచ్చిన పనియు చదువే. వినయగ్రంథములు సంపాదించి కొనిపోవుట ఆయన ధ్యేయము. అనూరాధపురమున రెండేండ్లున్నాడు. అచట ఒకనాడు బుద్ధప్రతిమ ముందట ఎవరో వర్తకుడు కానుకగా నుంచిన చీనా విసనకఱ్ఱ ఆయన కంటబడెను. తోడు వచ్చినవారిలో కొందఱు మరణించిరి, కొందఱు వెనుదిరిగిరి. ఇన్నేండ్లుగా తన నేలమీది వస్తువేదియు చూచి యెఱుగడు. ఆ విసనకఱ్ఱను చూడగనే ఆయన కన్నుల నీరు నిండెను. తిరుగు పయనమున ఓడకు చిల్లి పడగా వర్తకులు సరకులను సముద్రమున పాఱవైచిరి. తన పుస్తకములను కూడ పాఱవైతురేమో యని ఆయన గడగడలాడెను. పనిమీద పరదేశమునకు పోయినవాని కష్టమును ఇంత చక్కగా తెలుపు ఉదంతము వేఱొకటి అరుదు. విజయపురినుండి కదలిన ఆచార్యులు ఇట్టి దినచర్యలు వ్రాసియుంచలేదు. కాని వారు నడచినది ఆ గాలులలోనే, ఆ నీళ్లమీదనే.

విజయపురినుండి సముద్రమునకు దారి కృష్ణలోయ. నది వెంబడి ధాన్యకటకము, అనగా నేటి అమరావతి, ఆవల డెల్టా, డెల్టా కొసను కంటకశైలము. దానినే నేడు ఘంటసాల యందుము. 2వ శతాబ్దిలో టాలెమీ యను యవన భూగోళశాస్త్రజ్ఞుడు దీనిని వర్తకపు పట్టణముగా పేర్కొనెను. ఈ తీరముననే, కొంత ఉత్తరముగా, సువర్ణభూమికి పోవు ఓడలు ఒడ్డు విడిచి నడిసముద్రమునకు తిరుగుచోటు కలదనియు ఆయన వ్రాసెను. ఘంటసాలలో దొరకిన ఒక ప్రాకృత శాసనమున శివకుడను ‘మహానావికుని’ పేరు కలదు. ఓడవానికి అట్టి బిరుదుండుట చూడగా ఆ రేవునకు గల ప్రతిష్ఠ ఊహింపవచ్చును.

పోవువారే కాదు, వచ్చువారును కలరు. విజయపురి త్రవ్వకములలో రోము చక్రవర్తి టైబీరియస్ బంగారు నాణెమును, ఆంటోనైనస్ పయస్ రాణి ఫాస్టీనా పేరిట ముద్రించిన బంగారు నాణెమును లభించినవి. అచటి స్తంభములపై శకుల యుడుపులు ధరించి, ఈటె చేబూనిన గడ్డపు భటుని బొమ్మ చెక్కబడినది. వీరపురుషదత్తుని రాణులలో రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కుమార్తె. సింహళ దేవళముల మెట్ల ముందుండు అర్ధచంద్రశిలవంటిది ఈ లోయలోను కనబడినది. కృష్ణ యొడ్డున అన్ని దేశముల వేషములును, భాషలును కలసి మెలసి యుండిన నగరమది.

ఇక బోధిశ్రీ శాసనములోని రెండవ పట్టికకు వత్తము. మొదటి పట్టిక దేశములది. రెండవది ఆమె వేర్వేరు చోట్ల చేసిన దానములది. సింహళ విహారమున బోధివృక్షమునకు ప్రాసాదము, మహాధమ్మగిరిలో ఒక గది, దేవగిరిలో ధ్యానశాల, పూర్వశైలమున ఒక చెఱువును మండపమును, కంటకశైల మహాచైత్యపు తూర్పు వాకిట రాతి మండపము, హిరుముఠువలో మూడు గదులు, పాపిలలో ఏడు గదులు, పుష్పగిరిలో రాతి మండపము. తొలి చూపునకు ఇది కేవలము పుణ్యపు చిట్టావలె కనబడును. మొదటి పట్టికతో జతచేసి చదివినపుడు వేఱొక అర్థము స్ఫురించును. గది, చెఱువు, మండపము, ధ్యానశాల: ఇవి బాటసారికి కావలసినవి. రాత్రి తలదాచుకొనుటకు గది, దప్పికకు చెఱువు, ఎండకు మండపము. ఆమె దానములలో ఒకటి రేవుపట్టణమైన కంటకశైలమున నున్నది. ఓడ నెక్కబోవువాడును, ఓడ దిగినవాడును ఆ తూర్పు వాకిటి మండపమున కొంతసేపైనను కూర్చుండి యుండునని తలంచుట తప్పు కాదు.

బోధిశ్రీ చీనాకు పోలేదు. కాశ్మీరము చూచినట్లును శాసనము చెప్పదు. ఇల్లు కదలని గృహిణి తన విత్తమును తిరుగువారి త్రోవలో గదులుగా పేర్చెను. ఆ పుణ్యమును తన భర్తకును, పుట్టింటివారికిని, మెట్టినింటివారికిని పంచిపెట్టుచు బంధువుల నందఱను శాసనమున తలచుకొనెను. దేశదేశములు తిరిగిన ఆచార్యుల పేర్లు ఒక్కొక్కటిగా అందు లేవు. ‘తామ్రపర్ణి స్థవిరులు’ అని మాత్రమే కలదు. పని చేయించిన వారి పేర్లు మాత్రము కలవు. పర్యవేక్షణము చేసినవారు చంద్రముఖ, ధర్మనంది, నాగ యను ముగ్గురు స్థవిరులు. రాతిపని చేసినవాడు విధికుడు. రాజుల పేర్లే మిగులు చరిత్రలో ఒక రాతిపనివాని పేరు దేశముల పట్టిక సరసన నిలుచుట గొప్ప సంగతి. మాచర్లకు చేరువనున్న దుర్గిలో నేటికిని శిల్పుల ఉలి చప్పుడు వినబడుచునే యున్నది.

మనుష్యులతోపాటు రాయియు పయనించినది. ఈ సీమలో దొరకు లేత పసిరి ఛాయగల సున్నపురాతిని భూగర్భశాస్త్రజ్ఞులు పల్నాటి సున్నపురాయి యనియే పిలుతురు. అమరావతి స్తూపమును, విజయపురి చైత్యములును ఈ జాతి రాతితోనే అలంకరింపబడినవి. ఆంధ్ర శిల్పుల పనితనము తెలుపు ఇట్టి ఫలకములు సింహళమునను లభించినవి. ఇది ఇష్టపూర్వకమైన పయనము. తరువాతి కాలమున జరిగినది వేఱు. 1845లో వాల్టర్ ఎలియట్ అమరావతిలో త్రవ్వించిన శిల్పములు 1859లో లండను చేరినవి; 1880లో బ్రిటిష్ మ్యూజియముననుంచబడినవి. శిల్పులు కాదు, శిల్పములు మాత్రమే పోయినవి; తిరిగివచ్చు ఋతువు వాటికి లేదు.

4వ శతాబ్ది ఆరంభమునకు ఇక్ష్వాకుల రాజ్యము అంతరించెను. పల్నాటిలోని మంచికల్లు శాసనము పల్లవుల ప్రవేశమును తెలుపుచున్నది. అయినను చదువు కొఱకు వచ్చు దారి ఒక్కమాఱుగా మూసికొనిపోలేదు. 7వ శతాబ్దిలో హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచి, సుభూతి, సూర్యుడు అను ఇద్దఱు భిక్షువులకడ మహాసాంఘికుల అభిధర్మమును చదివెను. వారును ఆయనకడ మహాయాన శాస్త్రములు చదివిరి. ఇచ్చిపుచ్చుకొను చదువు ఇట్లుండును. ఆ పిదప శతాబ్దములపాటు విజయపురి అడవిపాలైనది. గొఱ్ఱెల కాపరులు తప్ప ఆ గుట్టల నెఱిగినవారు లేకపోయిరి.

1926లో స్థానికోపాధ్యాయుడు సూరపరాజు వేంకటరామయ్యగారు అచట నొక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపిరి. మదరాసు శాసనశాఖలో తెలుగు సహాయకులైన రంగస్వామి సరస్వతిగారు వచ్చి పరిశీలించి దాని విలువ గుర్తించిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్ట్ త్రవ్వకములు జరిపెను. శాసనములను వోగెల్ పండితుడు ప్రకటించెను. 1938లో టి. ఎన్. రామచంద్రన్ గారు ఆ పని కొనసాగించిరి. ఇంతలో కృష్ణకు ఆనకట్ట వచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున విస్తారమైన త్రవ్వకములు సాగినవి. ముఖ్యమైన కట్టడములను ఇటుక ఇటుకగా ఎత్తి కొండపైనను, తూర్పు గట్టునను తిరిగి నిలిపిరి. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడెను. విజయపురి నేల నీటి క్రిందికి పోయినది.

ఈ నష్టమును తలచి దుఃఖింపని చరిత్రకారుడు లేడు. లోయలోని పల్లెవాసులును ఆ దినములలో తమ యిండ్లు విడిచి గట్లెక్కవలసివచ్చెను. పరదేశుల విడిదికి పేరుపడిన చోటనే అచటివారు నెలవు తప్పిరి. కాని ఆ నీరే నరసరావుపేట, గురజాల ప్రాంతముల పొలములకు ప్రాణమైనది. జొన్నకూటి సీమలో వరి పండినది. ఆ పంటతో పిల్లలను చదివించుకొనిన కుటుంబములెన్నో కలవు. వారి బిడ్డలు నేడు దూరదేశములలో పనిచేయుచున్నారు. ఒక చేత పోయినది మఱియొక చేత వచ్చినదని సరిపెట్టుకొనవచ్చునా? నా మనస్సు సరిపెట్టుకొనలేదు. లాభమును కాదనుటకును నాకు నోరు రాదు. రెంటిని పక్కపక్కన గుర్తుంచుకొనుటయే న్యాయమని తోచుచున్నది.

2022లో పల్నాడు ప్రత్యేక జిల్లాగా నరసరావుపేట కేంద్రముగా ఏర్పడినది. క్రొత్త జిల్లా తన చరిత్రను చెప్పుకొనునపుడు కారెంపూడి వీరులను తప్పక తలచును, తలచవలసినదే. వారి సరసన బోధిశ్రీకి కూడ చోటు కావలెను. వీరులు ఈ నేలకొఱకు ప్రాణము లిచ్చిరి. ఆమె ఈ నేలమీద పరాయివానికొక గది నిచ్చెను. ఇల్లు విడిచి పోయిన బిడ్డకు ఏ దూరనగరమునందో తలదాచుకొను చోటు చూపిన అపరిచితులను నేడు మన తల్లులు దీవించుచుందురు. అట్టి దీవెనలే ఒకనాడు కాశ్మీరమునుండియు, సింహళమునుండియు మన పల్నాటి ఇల్లాలికి చేరియుండును. విజయపురి సౌత్ రేవున లాంచీ ఎక్కి నాగార్జునకొండ ద్వీపమునకు పోవువారు, ఒక్క నిమిషము ఆ నీటివంక చూచి ఆమె పేరు తలచుకొందురు గాక.